సేపలప్ప దారి

ఈ మధ్య ఆదివారాలు విశాఖపట్నం నుంచి కుర్రాళ్ళు కార్ల వెనకాల సైకిళ్ళు కట్టుకుని నక్కపల్లి దాటి మా కొండల్లోకి వస్తున్నారు. నెత్తిన హెల్మెట్టు, మోకాళ్ళకి చిప్పలు, వీపున నీళ్ళ సంచీ, ఆ సంచీలోంచి నోటి దాకా ఒక గొట్టం. శుభ్రమైన తారు రోడ్డు పక్కనే ఉంటే దాన్నొదిలేసి, రాళ్ళూ వేర్లూ ఉన్న పశువుల దారిలోకి కావాలని దిగుతారు. దాన్ని ట్రెయిల్ అంటారట. మొన్నొకతను ఆగి, "ఆంటీ, ఈ దారి కొండవతలికి పోతుందా?" అని అడిగాడు. పోతుంది బాబూ, ఒకప్పుడు రోజూ సైకిల్ మీద పోయేదాన్ని, అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. నమ్మలేదు. నమ్మకపోతే మానె.

నాకు హెల్మెట్టూ లేదు, గొట్టమూ లేదు. వెనకాల చేపల పెట్టె ఉండేది.

మాది రాజయ్యపేట. నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. రేవులో కాదు, నక్కపల్లి సంతలో కాదు, ఎక్కడో కొండవతల మూడు చిన్న ఊళ్ళలో. తెల్లారేసరికి ఒడ్డుకొచ్చిన కవళ్ళో, నెత్తళ్ళో, కానాగంతలో, ఏ చేపలు దొరికితే అవి గంపలో సర్దుకుని ఆటోలో నక్కపల్లి చేరేది. హైవే దాటి, జీడితోటల్లో పడి, కొండెక్కి, అవతలి వైపు దిగేది. ఆ ఊళ్ళకి రోడ్డుంది గానీ అది కొండ చుట్టూ తిరిగి తిరిగి పోతుంది. అమ్మ నడిచే దారికి ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేరు సేపలప్ప దారి. అప్ప అంటే మా వైపు అక్క. అమ్మని అక్కడ పిల్లా పెద్దా అందరూ సేపలప్ప అనే పిలిచేవారు.

అక్కడివన్నీ అమ్మ వాడిక ఇళ్ళు. ఇది మా వాళ్ళలో ఉన్న కట్టుబాటు. ఒక ఇంటికి ఒక మనిషి చేపలు పోయడం మొదలుపెడితే ఆ ఇల్లు ఆవిడది. ఇంకొకావిడ ఆ గుమ్మం ముందు గంప దించదు. కొనేవాళ్ళూ వేరే గంప వైపు చూడరు. అమ్మకి ఆ ఇళ్ళు వాళ్ళమ్మ నుంచి వచ్చాయి. మాకు సెంటు భూమి లేదు గానీ, "కొండవతల నాకు మూడూళ్ళున్నాయే" అని అమ్మ అనేటప్పుడు జమీందారిణిలా ఉండేది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మనిషి రావడం మానేస్తే వాడిక తెగిపోతుంది. తెగాక మళ్ళీ అతకదు. ఎవరు ముందొచ్చి గంప దించితే వాళ్ళది.

రెండువేల దశకం సగానికొచ్చిన ఒక వేసవి. అమ్మ ఆ దారిలో జారిపడింది. జీడికాలం అయిపోతున్న రోజులు. పిక్కలు ఏరుకుని పళ్ళు అక్కడే వదిలేస్తారు కదా, అవి ఎండకి కుళ్ళి దారంతా పరుచుకుని ఉంటాయి. వాటి మీద కాలు వేసింది. పాదం ఎముక చిట్లింది. కట్టు కట్టించి మంచం మీద కూర్చోబెట్టాం. నొప్పికి ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, నాలుగో రోజున, రోడ్డు మీద చుట్టూ తిరిగొచ్చి మోపెడు మీద ఎవడో ఆ ఊళ్ళలో చేపలు కావాలా అని అడుగుతున్నాడని ఆటోవాళ్ళ ద్వారా తెలిసి, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది.

నాకు అప్పుడే డిగ్రీ అయింది. ఎలమంచిలిలో కంప్యూటర్ నేర్చుకుంటున్నాను, ఉద్యోగం వచ్చేదాకా. "నేనెల్తాను" అన్నాను.

"నానింకా సావలేదే" అంది అమ్మ. "డిగ్రీ సదివింది సేపలమ్మడానికేటి?"

"మరెవరెల్తారు? నాన్నెల్తాడా?"

నాన్న వల బాగుచేసుకుంటూ మమ్మల్ని విననట్టు నటించాడు. సముద్రంలో తుఫానుకి భయపడని మనిషి, ఆడవాళ్ళ బేరానికి మాత్రం హడలిపోయేవాడు.

"ఆ కొండ నువ్వెక్కలేవు. గంప నెత్తినెట్టుకుని పది అడుగులు ఎయ్యలేవు" అంది అమ్మ.

అది నిజమే. గంప నా నెత్తిన నిలవదు. నా మెడ పుస్తకాలు చదివి పాడైపోయిందని అమ్మ అంటూ ఉండేది. కానీ నా దగ్గర సైకిలుంది. హార్బరులో పనిచేసే మా అన్న ఎవరి దగ్గరో పాత గేరు సైకిల్ కొన్నాడు. తర్వాత మోటార్ సైకిల్ కొనుక్కుని దాన్ని నా మొహాన పడేశాడు. లావు టైర్లు, వంకర హేండిలు, బోలెడన్ని గేర్లు, అందులో పనిచేసేవి రెండు. ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. అంతకన్నా ఎందుకు? వెనక క్యారియర్ బిగించి, ఐసుతో పాటు చేపల పెట్టె పెట్టి, పాత ట్యూబు ముక్కలతో లాగి కట్టాను. అమ్మ మంచం మీంచే, "ఇంకా బిగించే... అడుగున ఐసు, మీదన కవళ్ళు... ఓలమ్మో, తలకిందులు సేసేత్తావే" అని అరుస్తూనే ఉంది. వద్దన్న మనిషే అన్నీ చెప్పింది.

మొదటి రోజు ఎక్కుడంతా తోసుకుంటూనే వెళ్ళాను. పెట్టె బరువుకి ముందు చక్రం పైకి లేచి, సైకిలు నన్ను వెనక్కి లాగేది. చెమట కళ్ళలో పడుతోంది. జీడి చెట్ల మధ్య ఇంత వంకర దారి ఎవడు వేశాడని తిట్టుకున్నాను. వేసింది మా అమ్మమ్మే, అడుగులో అడుగు వేసి. పైకి చేరాక ఒక్కసారి వెనక్కి చూశాను. తోటలు, హైవే మీద అగ్గిపెట్టెల్లాంటి లారీలు, ఆ వెనక పొలాలు, చివర్న గీత గీసినట్టు సముద్రం. ముందుకి చూశాను. దిగుడు. ఎర్రమట్టి దారి రెండు బండల మధ్య నుంచి దూరి, మలుపు తిరిగి, అడవిలోకి మాయమైపోయింది.

సైకిలెక్కాను.

ఆ దిగుడు గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. మొదటి మలుపు దాకా బ్రేకులు రెండూ పట్టుకుని ప్రాణాలు ఉగ్గబట్టుకుని దిగాను. రెండో మలుపులో వేరు మీద చక్రం ఎగిరింది. పెట్టె మూత ఊడింది. గుప్పెడు కవళ్ళు నా చెవి పక్క నుంచి ముందుకెళ్ళాయి. చేపలు నన్ను దాటి వెళ్ళడం చూసి నాకు భయం పోయి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక బ్రేకులు వదిలేశాను. కొమ్మలు చేతులకి తగులుతున్నాయి, చున్నీ ఎక్కడో పోయింది, నోట్లోకి గాలి దూరి బుగ్గలు ఉబ్బుతున్నాయి. దారికడ్డంగా పారే గెడ్డలో నీళ్ళు చివ్వున రెండు వైపులా లేచాయి. గట్టెక్కి, ఊరి మొదట్లో ఆగాక చూసుకుంటే నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళొచ్చాక కూడా ఇంత సంతోషం ఊరికే దొరుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

వెనక్కి నడిచి వెళ్ళి దారిలో పడ్డ చేపలు, చున్నీ ఏరుకుని, గెడ్డలో కడిగి, తీరిగ్గా ఊళ్ళోకి వచ్చాను. అమ్మలా కేక వేయడానికి సిగ్గేసింది. డిగ్రీ చదివిన గొంతు కదా. హేండిలుకున్న గంట కొట్టాను.

గుమ్మాల్లోంచి ఊరిలో ఉన్న పిల్లలందరూ ఊడిపడ్డారు. చేతుల్లో చిల్లర, పాత ఇనప ముక్కలు, ఒకడి చేతిలో వాళ్ళ నాన్న చెప్పు. సైకిలు చుట్టూ మూగి పెట్టె మూత లాగేశారు. లోపల కవళ్ళని చూసి ఒక చిన్నపిల్ల గొల్లున ఏడవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు ఒక్కరూ బయటికి రాలేదు. నాకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు.

చివరికి మొదటి ఇంట్లోంచి ఒక ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చింది. అమ్మకి అందరికన్నా పాత వాడిక ఆవిడే. మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ, నోట్లో చుట్ట. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఎవులమ్మాయివే?"

"సేపలప్ప కూతుర్ని, మామ్మా."

"ఓలమ్మా! మరా గంటేటే? ఐసుపుల్లలోడనుకున్నాం!"

అప్పుడు వెలిగింది. ఆ ఊళ్ళకి సైకిల్ మీద పెట్టె కట్టుకుని గంట కొట్టుకుంటూ వచ్చేది ఒక్క పుల్లఐసు అమ్మేవాడే. చిల్లర లేని పిల్లలు ఇనప ముక్కలూ పాత చెప్పులూ ఇచ్చి ఐసు కొనుక్కునేవారు. నేను ఊరి పిల్లలందరికీ ఆశపెట్టి చేపలు చూపించాను.

"మీ యమ్మ కొండ మీంచి కేకేత్తాది" అంది మామ్మ, పిల్లల్ని కర్రతో తోలుతూ. "అది ఇని మేం సేలల్లోంచి లేత్తాం. కత్తిపీటా బూడిదా తీసుకునే యేలకి తను కిందికి దిగుతాది. నువ్వేటే, గాల్లోంచి ఊడిపడ్డావు. ఎవులుంటారు ఇంటికాడ?"

ఆ రోజు సగం చేపలు అలాగే తిరిగొచ్చాయి. రాత్రి వాటిని అమ్మ మంచం మీంచే నాచేత ఉప్పులో ఊరేయించింది.

మర్నాడు కొండ మీద నిలబడ్డాను. చుట్టూ చూశాను. తోటలో ఎవరూ లేరు. ఊపిరి పీల్చి, "సేపలో..." అన్నాను. పిల్లి అరిచినట్టుంది. మళ్ళీ ఊపిరి పీల్చాను. కళ్ళు మూసుకుని, నా చదువుని అక్కడే ఒక బండ మీద కాసేపు పెట్టి, "సేపలమ్మా సేపలోయ్!" అని కడుపులోంచి అరిచాను. అవతలి కొండ నాకు తిరిగి అరిచింది. కింద ఎక్కడో చేలో ఒక చీర రంగు కదిలింది, ఇంకొకటి, ఇంకొకటి. ఊరివైపు నడుస్తున్నాయి. నేను అరిస్తే మనుషులు లేచి నడిచారు! ఆ దిగుడు మొత్తం, మలుపు మలుపుకీ, అవసరం ఉన్నా లేకపోయినా అరుస్తూనే దిగాను.

ఆ తర్వాత ఆ దారి నాకు పిచ్చిలా పట్టుకుంది. దిగేటప్పుడు పెట్టె బరువుకి వెనక చక్రం నేలకి అతుక్కునేది. ఖాళీ పెట్టెతో తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ పడేదాన్ని. ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ పెడల్ మీద నిలబడాలో మోకాళ్ళు దెబ్బలు తిని నేర్చుకున్నాయి. తొలకరి పడ్డాక దారి వేరే దారి అయిపోయింది. ఎర్రమట్టి జిగురు పట్టి టైర్లకి అట్టలు కట్టేది. పుల్లతో గీకి మళ్ళీ ఎక్కేదాన్ని. రాలిన జీడాకుల కింద వేర్లు కనపడేవి కావు. గెడ్డ పొంగిన రోజు సైకిల్ని భుజాన వేసుకుని దాటాను, చేపల పెట్టె తోట కాపలా తాత పట్టుకుని వచ్చాడు. ఆయన రెండు కానాగంతలు తీసుకుని, "ఈ పిల్లకి పిచ్చి" అని అందరికీ చెప్పాడు. ఆదివారాలు రెండో ఊళ్ళో ప్రార్థన అయ్యే వేళకి చేరితే పెట్టె అక్కడే ఖాళీ. ఒక వారం నేను మొహం నిండా బురదతో చర్చి మెట్ల ముందు జర్రున జారి ఆగితే, పాస్టరు గారు పుస్తకం చంకలో పెట్టుకుని మరీ నవ్వారు.

బాగా అమ్ముతున్నాననుకున్నాను. నేను చెప్పిన ధరకే తీసుకునేవారు. ఒక్కరు నోరెత్తేవారు కాదు. మోపెడువాడు రెండుసార్లు వచ్చి, హారన్ కొట్టి కొట్టి పోయాడట. నాలో ఇంత వ్యాపారం ఉందని నాకే తెలియదని మురిసిపోయాను.

ఇంటికొచ్చాక అమ్మ ఇల్లిల్లూ అడిగేది. "మామ్మ ఏటి తీసుకుంది? ఆ సివరింటావిడకి బిడ్డ పుట్టిందా? రేగు సెట్టు ఇంటోళ్ళు కవళ్ళు తీసుకున్నారా, ఆళ్ళు కవళ్ళు తినరే!" నేను ఉత్సాహంగా చెప్పేదాన్ని. అన్నీ అయిపోయాయమ్మా, ఎంత తొందరగా అయిపోయాయో తెలుసా, నువ్వు సాయంత్రం చేరేదానివి, నేను మధ్యాహ్నానికే ఇంట్లో ఉన్నాను. అమ్మ "బాగుంది" అనేది. రోజురోజుకీ ఆ "బాగుంది" చిన్నదైపోయింది. కట్టు విప్పిన రోజున కూడా సంతోషం కనపడలేదు. కాలు నేల మీద పెట్టి, కాసేపు దానివైపే చూస్తూ కూర్చుంది.

"ఇంక నువ్వు ఇంట్లోనే ఉండమ్మా. ఉద్యోగం వచ్చేదాకా నేను చూసుకుంటాను. తర్వాత చూద్దాం" అన్నాను. అమ్మకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ కొండ, ఆ ఎండ, ఆ గంప బరువు, ఎవరు కోరుకుంటారు?

అమ్మ నావైపు తిరిగి, "అయితే ఆళ్ళకి నాను అక్కర్నేదా?" అంది.

గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. ఇన్ని రోజులూ నేను వాడిక నిలబెడుతున్నానని సంబరపడుతుంటే, అమ్మ దాన్ని నా చేతుల్లోకి పోగొట్టుకుంటున్నానని కుమిలిపోయింది. మోపెడువాడు తీసుకుపోతే తిట్టుకోవచ్చు. కూతురు తీసుకుంటే ఎవర్ని తిడుతుంది?

మర్నాడు నేను లేచేసరికి అమ్మ రేవు నుంచి వచ్చేసి గంప సర్దుకుంటోంది. గంప తీసి సైకిలు మీద పెట్టి కట్టాను. అది మాత్రం ఒప్పుకుంది. నక్కపల్లి దాటాక తోటల్లో నేను సైకిల్ తోస్తుంటే అమ్మ వెనక నడిచింది. కాలు ఆచి ఆచి వేస్తోంది. నాకు రోజూ తిట్లు తెప్పించిన ఎక్కుడు ఆవిడ ఎక్కుతుంటే తెలిసింది, ఆ వంకరలన్నీ ఎందుకున్నాయో. ప్రతి మలుపులోనూ ఆగి, ఒక చెట్టు మీద చెయ్యేసి, ఊపిరి తీసుకుని, ఆ చెట్టుతో ఏదో అన్నట్టుగా నవ్వి మళ్ళీ నడిచేది. నా టైర్లు మలుపుల్లో కోసిన గాడుల్ని చూసి, "దారంతా దున్నీసేవేటే" అని తిట్టింది. ఆ తిట్టు విని నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ తిట్టి ఎన్ని రోజులైందో.

కొండ మీదకి చేరాం. నేను పక్కకి తప్పుకున్నాను. అమ్మ చెమట తుడుచుకుని, దోసిలి నోటికి అడ్డుపెట్టుకుని కేక వేసింది. నా కేకలా చురుగ్గా లేదు. లావుగా, సాగుతూ, తీరిగ్గా వెళ్ళింది. మధ్యలో ఒకసారి వణికింది.

కింద చేలల్లో కదలిక లేదు. అమ్మ చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఎవరూ ఊరివైపు నడవడం లేదు. అమ్మ కొంగు నడుము చుట్టూ మళ్ళీ బిగించింది, చేతులకి పని కావాలని. "కాలం మారిపోనాదే" అంది మెల్లగా.

సగం దిగామో లేదో, కింద మలుపులో మాటలు వినిపించాయి. మామ్మ కర్ర పట్టుకుని ఎదురొస్తోంది. ఆవిడ వెనక ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు, కాళ్ళకి పొలం బురదతోనే. వాళ్ళు ఊరివైపు నడవలేదు, చెట్ల చాటున మా వైపే తోటల్లోకి ఎక్కేశారు. అందుకే మాకు కనపడలేదు. చేతుల్లో గిన్నెలు లేవు.

"ఓలప్పా! ఆ కాలేదీ, సూపించు" అంది మామ్మ. అమ్మని ఒక బండ మీద కూర్చోబెట్టి, పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. సరిగ్గా అతికిందని తేల్చుకున్నాక పాదం దించేసింది. దించీ దించగానే లేచి గంపలో చెయ్యి పెట్టి ఒక కానాగంత మొప్ప ఎత్తింది.

"ఇదేటే? నిన్నటిదా, మొన్నటిదా? ఈ సేపకి ఈ దరేటే?"

అమ్మ బండ మీంచి లేచింది. "నీ కళ్ళకి సుక్కల మందేయించుకో! పొద్దున్న దాకా సంద్రంలో ఈదింది, నీ సేతిలో సచ్చింది!"

మొదలైంది. ఆవిడ అంటే ఈవిడ. సగం దర అంటుంది ఒకావిడ, గంప ఎత్తుకుని పోతానంటుంది మా అమ్మ, ఎత్తదు. మిగతావాళ్ళూ కొంగులు దోపి దిగారు. అడవి మధ్యలో, ఆ ఇరుకు దారిలో, నలుగురైదుగురు ఆడవాళ్ళు చెయ్యెత్తి అరుచుకుంటుంటే పిట్టలు లేచిపోయాయి. అమ్మ మొహం ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి. నేను సైకిలు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాను.

"మామ్మా, నాతో ఒక్కరోజైనా బేరమాడావా నువ్వు?" అన్నాను. కాస్త ఉక్రోషంగానే.

మామ్మ నావైపు తిరిగింది. "నీతో ఆడితే రేపు రానంటావేమోనని. సదువుకున్న పిల్లవి, రోషం జాస్తి. నువ్వు రాకపోతే దీని వాడిక మాకు తెగిపోద్ది కదే" అని అమ్మవైపు చుట్టతో చూపించింది. "బేరమాడక నోరు బూజు పట్టిపోనాది."

అమ్మ అరవడం ఆపేసింది. గంపలోంచి చేపలు తీసి మామ్మ కొంగులో వేసింది. మామ్మ కొంగు అలాగే పట్టుకుని నిలబడింది.

"కొసరేదే?"

"రేపిత్తాను" అంది అమ్మ. ఇన్నాళ్ళూ మంచం మీద ఆవిడ నోట రేపు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. "రేపత్తాను కదా, రేపిత్తాను."